మోచెయ్యి తగ్గింది

శనివారం

పిల్లల ఎముకల విభాగంలో వ్యాయామాలు చేయించే అమ్మగారికి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం, మనవరాలు క్షేమం, మనవరాలి కుడి చెయ్యి క్షేమం. ఎడమ చెయ్యి గురించే ఈ ఉత్తరం.

మంగళవారం పొద్దున మీ గదిలో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగిన ముసలాయన్ని నేనే. పాపకి ఏడేళ్ళు. ఉడుత అని పిలుస్తాం, ఎందుకో మీరు చూశారు, మీ కిటికీ ఊచలు పట్టుకుని వేలాడబోయింది. మోచేతి పైన ఎముక విరిగింది. నాలుగు వారాలు సిమెంటు కట్టులో ఉంచి విప్పేసరికి చెయ్యి గొడుగు పిడిలా వంగి అక్కడే ఆగిపోయింది. ఇంకాస్త మడవమంటే మడవలేదు.

మీరొక కాగితం ఇచ్చారు. ఒత్తకండి, లాగకండి, మర్దనా చెయ్యకండి, బరువులు మోయించకండి, గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయించి ఆడుకోనివ్వండి, మెల్లగా అదే వస్తుంది అని ఉంది. మెల్లగా అంటే ఎంత అని అడిగాను. మెల్లగా అంటే మెల్లగానే అన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళు సర్వేయరుగా భూములు కొలిచినవాణ్ణి. మెల్లగా అనే కొలత నాకు ఏ పట్టికలోనూ కనబడలేదు.

అందుకని రెండు చెక్క బద్దలు, ఒక మరమేకు, పాప జామెట్రీ పెట్టెలోని కోణమానిని కలిపి సొంతంగా ఒక పరికరం చేశాను. ఆ సాయంత్రమే, పాప చెయ్యి మడవగలిగినంత మడిచాక కొలిచాను. 95 డిగ్రీలు వచ్చింది. మీ కార్డులో 85 అని ఉంది. పొలం గట్టు దగ్గర పది డిగ్రీలు తేడా వస్తే రెండు కుటుంబాలు కోర్టుకెక్కుతాయి. మీ పరికరం ఒకసారి సరిచూసుకోగలరు.

ప్రతి శనివారం రాస్తాను. మా ఊరి నుంచి మీ ఆసుపత్రికి బస్సులో నాలుగు గంటలు కాబట్టి వారం వారం రాలేను. జవాబు కోసం స్టాంపులు అంటించిన కవర్లు జతచేశాను. ఫోను వద్దు. నోటిమాటకి ఫైలు ఉండదు.

ఇట్లు,
విశ్రాంత సర్వేయరు, ఉడుత తాత

తా.క. పక్కింటి రొట్టెలావిడ పాప చేతికి రాయమని ఏదో నూనె సీసా ఇచ్చింది. మీ కాగితంలో వద్దని ఉంది కనక పాపకి రాయలేదు. నా మోకాలికి రాసుకున్నాను. మోకాలు బాగానే ఉంది.


బుధవారం

తాతగారికి,

నమస్కారం. ఉత్తరం అందింది. ఈ విభాగంలో చేరి పదకొండేళ్ళయింది. నాకు పోస్టులో ఉత్తరం రావడం ఇదే మొదలు. అటెండరు దాన్ని నా బల్ల మీద పెట్టి, ఏదో చెడ్డవార్త అనుకుని పక్కనే నిలబడ్డాడు.

మా పరికరం బాగానే ఉంది. ఆసుపత్రిలో పిల్లలు భయంతో చెయ్యి బిగబడతారు. ఇంటికెళ్ళి, స్నానం చేసి, స్థిమితపడ్డాక పది డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. మీకు 95 వచ్చిందంటే మంచిదే.

అయితే ఒక మనవి. కొలవకండి. ఈ వయసు పిల్లలకి మోచెయ్యి దానంతటదే కదులుతుంది. బలవంతంగా వంచితే లోపల వాచి ఇంకా బిగుసుకుంటుంది. పాప చేతిని పాపకే వదిలెయ్యండి.

ఇట్లు,
ఫిజియోథెరపిస్టు

తా.క. మీ మోకాలు నా విభాగం కాదు.


శనివారం

అమ్మగారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం.

పాప చేతిని పాపకి వదిలెయ్యమన్నారు. వదిలేశాను. రోజుకి మూడుసార్లు మాత్రమే కొలుస్తున్నాను, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. నేను చెయ్యి ముట్టుకోను. తనే మడుస్తుంది, నేను బద్దలు ఆనించి చదువుకుంటాను. మూడింటి సగటు తీసి రాస్తున్నాను.

ఈ వారం సగటు: 88.

ఏడు డిగ్రీలు మాటలా? వెళ్ళి రొట్టెలావిడకి చెప్పొచ్చాను. పోస్టుమాన్‌కి కూడా చెప్పాను.

పాప తల్లి, అంటే నా కూతురు, ఉద్యోగంలో మూడు నెలల శిక్షణకని వేరే ఊళ్ళో ఉంది. అల్లుడు ఓడ మీద ఉద్యోగం. నా మీద నమ్మకంతో పాపని నాకు వదిలారు. ఆ నమ్మకం రెండోవారంలోనే స్టూలు మీంచి కిందపడింది. కూతురు తిరిగొచ్చేలోగా ఈ చెయ్యి బాగవ్వాలి. అందుకని 88 అంటే నాకెంతో మీరు అర్థం చేసుకోగలరు.

ఇట్లు,
ఉడుత తాత

తా.క. రొట్టెలావిడ 88 విని, వందకి ఎనభై ఎనిమిదా, మంచి మార్కులే అంది. అవునని రెండు రొట్టెలు కొనుక్కుని వచ్చాను. పక్కిల్లు కదా.


గురువారం

తాతగారికి,

నమస్కారం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పోయినవారం 95. ఈవారం 88. మీరేమో సంతోషంగా ఊరంతా చెప్పుకొచ్చారు. నాకు అర్థం కాలేదు.

ఏడు డిగ్రీలు పోయాయంటే ఏదో జరుగుతోంది. ఎవరైనా చెయ్యి లాగుతున్నారా? నీళ్ళ బకెట్టు మోయిస్తే చెయ్యి సాగుతుందని ఎవరైనా సలహా ఇచ్చారా? అలాంటివి చెయ్యకూడదు. దయచేసి దాచకుండా రాయండి, నేను కోప్పడను.

అంకెలు పక్కన పెట్టి ఈ రెండూ చెప్పండి. ఆ చెయ్యి నోటిదాకా వెళుతోందా? ఆ వేళ్ళతో భుజం తాకగలుగుతోందా?

ఇట్లు,
ఫిజియోథెరపిస్టు

తా.క. రోజుకి మూడుసార్లు అంటే మాత్రమే అని రాయకూడదు.


శనివారం

అమ్మగారికి,

నమస్కారాలు.

ఏడు డిగ్రీలు ఎక్కడికీ పోలేదు, కష్టపడి సంపాదించాం. మీ ఉత్తరం చదివి రోజంతా మనసు బాగాలేదు. అయినా ప్రశ్నలకి వరసగా జవాబు ఇస్తున్నాను.

నోటి సంగతి: పాప కుడి చేత్తోనే తింటుంది. ఎడమ చెయ్యి నోటి దగ్గరికి తెస్తే నేను ఊరుకోను. గోళ్ళు కొరికే అలవాటు మాన్పించడానికి వాళ్ళమ్మ రెండేళ్ళు అవస్థ పడింది.

భుజం సంగతి: భుజం తాకమన్నాను. నా భుజం తాకి పారిపోయింది. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ నా భుజమే.

లాగడం, బకెట్లు: లేవు. కట్లు కట్టే పెద్దాయన ఒకరు రొట్టెలావిడ మాట మీద మా ఇంటికి వచ్చిన మాట నిజం. అరగంట సేపు బాగా ఒత్తి, పట్టి లాగాడు. ప్రాణం లేచొచ్చింది.

ఈ వారం సగటు: 74.

దాచకుండా రాయమన్నారు కనక ఇంకొకటి రాస్తున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు అటక మీద ఉన్న నా పాత పటాల పెట్టె తియ్యమని ఉడుతని స్టూలు ఎక్కించింది నేనే. స్టూలు పట్టుకున్నదీ నేనే. కళ్ళజోడు జారుతోంటే సర్దుకుందామని ఒక చెయ్యి వదిలాను. అంతే. పాప ఏడవలేదు, తాతా నా చెయ్యి తప్పుగా ఉంది అంది. కూతురు అప్పటినుంచి రోజూ ఫోను చేస్తుంది. నేనెత్తి రెండు ముక్కలు మాట్లాడేలోపు, నాన్నా ఫోను పాపకివ్వు అంటుంది. నాతో మాట్లాడదు. అందుకే కొలుస్తున్నాను అమ్మా. అంకె కళ్ళెదుట ఉంటే ఆ స్టూలు కాస్త దూరం జరుగుతుంది.

ఇట్లు,
ఉడుత తాత

తా.క. కట్లాయన చెయ్యి మంచిదే. మర్నాడు నేను మెట్లు ఎక్కగలిగాను.


మంగళవారం

తాతగారికి,

స్టూలు సంగతి చదివాను. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగంమంది ఇంటి పెద్దవాళ్ళు చూస్తుండగానే పడతారు. చూడనప్పుడు పడేది మిగతా సగం. మీరు నేరం చెయ్యలేదు.

కానీ కట్లాయనతో పాప చెయ్యి అరగంట ఒత్తించి, లాగించారే, దానికి మాత్రం నేను ఊరుకోను. మీ కాగితంలో మొదటి మాటే ఒత్తకండి. రెండో మాట లాగకండి. ఆ రెండూ ఒకే పూట చేయించి, ప్రాణం లేచొచ్చిందని నాకే రాశారు. ఆ పసిదానికి ప్రాణం పోయి ఉంటుంది. 88 కాస్తా 74 అయ్యిందంటే అవదా మరి?

పైగా చెయ్యి నోటి దగ్గరికి తెస్తే ఊరుకోనన్నారు. తాతగారూ, తేనివ్వండి. గోళ్ళు కొరకనివ్వండి. నేను చెబుతున్నాను, రెండు చేతుల గోళ్ళూ కొరకమనండి.

నిన్న మీ ఇంటికి ఆరుసార్లు ఫోను చేశాను. ఎవరూ ఎత్తలేదు. ఇక సగటులూ కథలూ వద్దు. ఒక్క ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు రాయండి. పోయిన వారం కంటే తగ్గిందా?

ఇట్లు,
ఫిజియోథెరపిస్టు

తా.క. నేను కోప్పడనని రాశాను. వెనక్కి తీసుకుంటున్నాను.


శనివారం

అమ్మగారికి,

తగ్గింది.

ఒక్క మాటలో రాయమన్నారు, రాశాను. చాలా తగ్గింది. దేవుడి దయవల్ల రోజురోజుకీ తగ్గుతోంది. ఈ వారం 58. ఇలాగే ఉంటే పూర్తిగా తగ్గిపోతుంది.

కట్లాయన ఒత్తింది నా మోకాలు. పాప చేతిని ఎవరూ ముట్టుకోలేదు. మొదటి ఉత్తరంలో మోకాలు గురించి ఎంత వివరంగా రాశానో మీకే తెలుసు. అది మీ విభాగం కాదన్నారు కనక పోయినసారి దాని పేరు ఎత్తలేదు. ఎత్తనందుకు ఇంత మాట పడ్డాను.

ఫోను మోగడం విన్నాను. ఆరుసార్లూ విన్నాను. ఫోనులో చెప్పింది ఫైలులో ఉండదు కనక ఎత్తలేదు. మా అమ్మాయి చేసే వేళ వేరు, అప్పుడు ఎత్తుతాను.

గోళ్ళు కొరకమని మీరు రాసిన వాక్యం పాప నా భుజం మీంచి చదివేసింది. రెండో తరగతి పిల్ల, అక్షరాలు కూడబలుక్కుని మరీ చదివింది. ఇప్పుడు ఆసుపత్రి ఆర్డరు అని చెప్పి కొరుకుతోంది. దీనికి జవాబుదారీ మీదే.

ఇట్లు,
ఉడుత తాత

తా.క. ఇంత తగ్గినా మీ నుంచి ఒక్క మంచిమాట రాలేదు. మా పాత ఆఫీసులో పై అధికారి ఇలాగే ఉండేవాడు. సరైన కొలత ఇస్తే ముఖం మాడ్చుకునేవాడు.


బుధవారం

తాతగారికి,

మీరు తగ్గిందని రాసిన ఉత్తరాన్ని మా ఎముకల డాక్టరుగారికి చూపించాను. ఆయన 95, 88, 74, 58 అని వరసగా ఒక చీటీ మీద వేసుకుని, కళ్ళజోడు తీసి, ఈ తాతగారు ఎందుకు ఇంత సంతోషంగా ఉన్నాడు అని అడిగారు.

ఇక ఉత్తరాలు చాలు. వచ్చే గురువారం పొద్దున తొమ్మిదింటికి పాపని తీసుకురండి. ఎక్స్-రే తీయాలి. లోపల ఎముక ఏమైనా అడ్డం పెరుగుతోందేమో చూడాలి. అవసరమైతే మత్తిచ్చి పరీక్ష చేయాలి. భయపెట్టడానికి రాయడం లేదు. నిజంగా నాకే భయంగా ఉంది. పదకొండేళ్ళలో ఏ పిల్ల మోచెయ్యీ ఇలా వారం వారం వెనక్కి నడవలేదు.

మీ మోకాలికి క్షమాపణ. మిగతా దేనికీ కాదు.

ఇట్లు,
ఫిజియోథెరపిస్టు

తా.క. పాప తల్లికి కూడా కబురు చెయ్యండి. మీరు చెయ్యకపోతే నేను చేస్తాను.


శనివారం

అమ్మగారికి,

మీ ఉత్తరం చదివాక తిండి సయించలేదు. మత్తు అని రాశారు. ఏడేళ్ళ పిల్లకి మత్తు. అదీ 45 వచ్చిన వారంలో. అవును, ఈవారం సగటు 45. నేను ఒప్పుకోను, కానీ ఆసుపత్రి మాట కాదనే ధైర్యమూ లేదు.

నా కూతురికి నేనే ఫోను చేశాను. స్టూలు సంగతి కూడా చెప్పేశాను. కళ్ళజోడు దగ్గర్నుంచి అన్నీ. రెండు రోజులు సెలవు పెట్టి వస్తాను నాన్నా, పాపని నేనే తీసుకెళతాను అంది. ఫోను పాపకివ్వమని అడగలేదు. పెట్టేసింది.

నేను రావడం లేదు. నా కొలత నమ్మని గదిలోకి నేను అడుగు పెట్టను అని రాద్దామనుకున్నాను. అసలు సంగతి అది కాదు. మీ బల్ల మీద పాపని పడుకోబెట్టి ముక్కుకి ఏదో పెడుతోంటే చూడలేను. నా కూతురి పక్కన నిలబడి అసలు చూడలేను.

వారాల వారీ పట్టిక జతచేశాను. ఏ పూట ఎంతో అందులో ఉంది. ఒక్క కొట్టివేత కూడా లేదు.

ఇట్లు,
ఉడుత తాత

తా.క. పాప పక్కన ఎవరో ఒకరు ఉండేలా చూడండి. ధైర్యంగా ఉన్నట్టు కనబడుతుంది, కానీ భయం వేస్తే నోరు విప్పదు.


గురువారం, మధ్యాహ్నం

తాతగారికి,

నమస్కారం. ముందు ఇది చదవండి, తర్వాత కూర్చోండి, తర్వాత మిగతాది చదవండి. పాప క్షేమం. మత్తు లేదు. ఎక్స్-రేలో ఎముక చక్కగా అతుక్కుంది.

ఇప్పుడు జరిగింది చెబుతాను. తొమ్మిదింటికి మీ అమ్మాయి, పాప వచ్చారు. మీ అమ్మాయి కళ్ళు వాచి ఉన్నాయి. డాక్టరుగారు నా పక్కనే నిలబడ్డారు. నేను మీ పట్టిక బల్ల మీద పరిచి, పాపని జాగ్రత్తగా ఎత్తి కూర్చోబెడదామని చేతులు చాచాను. ఈలోగా తను రెండు చేతులూ బల్ల అంచు మీద ఆనించి, ఒక్క ఊపున పైకి ఎక్కి కూర్చుని, చెవి గోక్కుంది. ఎడమ చేత్తో, ఎడమ చెవి.

విరిగింది ఏ చెయ్యి అని డాక్టరుగారు నన్ను అడిగారు. ఇదేనండీ అన్నాను. ఆయన కార్డు చూశారు, నేను కార్డు చూశాను. పాపని చెయ్యి మడవమన్నాం. వేళ్ళు వెళ్ళి భుజానికి తగిలాయి. పరికరం పెట్టి చదివాను. 135. మళ్ళీ చదివాను. 135. కుడి చెయ్యి కొలిచాను, అదీ అంతే.

"తాతగారు 45 అని ఎందుకు రాశారు?" అని పైకే అనేశాను.

మీ అమ్మాయి కూడా తెలియదంది. అప్పుడు పాప నా చేతిలోంచి పరికరం తీసుకుని, మీరే నేర్పి ఉంటారు, వేలు పెట్టి చూపించింది.

"తాత ఇక్కణ్ణుంచి లెక్కపెడతాడు. మీరు అక్కణ్ణుంచి లెక్కపెడుతున్నారు."

తాతగారూ, మాకు చెయ్యి చాపితే సున్నా. మడిచేకొద్దీ అంకె పెరుగుతుంది. మీకు చెయ్యి చాపితే నూట ఎనభై, ఎందుకంటే మీరు రెండు గట్ల మధ్య మూల కొలిచేవారు. మడిచేకొద్దీ మీ అంకె తగ్గుతుంది. మొదటి రోజు నా 85, మీ 95 కలిపి చూడండి. సరిగ్గా నూట ఎనభై. ఒక్క డిగ్రీ కూడా తేడా లేదు. ఆ రోజే మీరు సరిగ్గా కొలిచారు, నేనూ సరిగ్గా కొలిచాను. వారం వారం మీరు సంతోషించారు, అదీ సరైనదే. తగ్గిందా అని నేను అడిగితే తగ్గిందన్నారు. నిజంగానే తగ్గింది. తెలుగు రాని మనిషినైతే ఇంత పొరబడేదాన్ని కాదేమో.

డాక్టరుగారు పట్టిక మొత్తం చదివి, ఈయన పనితనం ముందు మనం ఎందుకూ పనికిరాం అని వెళ్ళిపోయారు.

ఇంకో రెండు విషయాలు. మీ అమ్మాయి బయట వరండాలో కూర్చుని చాలాసేపు నవ్వింది, తర్వాత కాస్త ఏడ్చింది. మీతో మాట్లాడకపోవడం గురించి అడిగాను, నా పని కాకపోయినా. తనకి కోపం లేదట. ఫోను ఎత్తగానే మీరు ఆ పూట డిగ్రీలు చదవడం మొదలెడతారట. ఏం జవాబు చెప్పాలో తెలియక పాపకివ్వమనేదట. స్టూలు సంగతి పాప మొదటి రోజే, ఆసుపత్రి నుంచి ఫోనులో తనకి చెప్పేసిందట. మీరు చెప్పేదాకా ఆగిందట.

రెండోది, చెయ్యి ఎలా బాగుపడిందని పాపని అడిగాను. నేను ఇచ్చిన కాగితం వల్ల కాదు, మీ కొలతల వల్లా కాదు. మధ్యాహ్నం మీరు సగటు వేసుకుంటున్నప్పుడు గోడ పక్కనుంచి రొట్టెలావిడ ఇంటికి వెళ్ళి, రోజూ గంటసేపు ఆమెతో కలిసి పిండి పిసుకుతోందట. ఇష్టంగా, నొప్పి పుడితే ఆపి, లేకపోతే మళ్ళీ. నేను చెప్పగలిగినదాని కంటే మంచి వ్యాయామం. సాయంత్రం కొలిచే ముందు మీరు పాప మోచేతికి అంటిన పిండి తుడిచేవారట. పిండి ఎక్కడిదని ఒక్కరోజూ అడగలేదట.

పూర్తిగా చాపడానికి ఇంకా ఐదారు డిగ్రీలు మిగిలాయి. కొన్ని నెలల్లో అవీ వస్తాయి, రాకపోయినా పాపకి తేడా తెలియదు. శనివారం బస్సులో ఇద్దరూ వస్తున్నారు. మీ అమ్మాయి ఆదివారం మళ్ళీ శిక్షణకి వెళుతుంది, పాపని మీ దగ్గరే వదిలి. వేరే ఏర్పాటు చూడమంటారా అని అడిగాను. నా వైపు వింతగా చూసింది.

కోప్పడినందుకు, మీ సంతోషాన్ని వారం వారం పాడుచేసినందుకు, ముఖ్యంగా మత్తు అనే మాట రాసినందుకు, తలవంచి క్షమాపణ అడుగుతున్నాను.

ఇట్లు,
మీ మీద కోపం పూర్తిగా తగ్గిన
ఫిజియోథెరపిస్టు

తా.క. మీ వాళ్ళు వెళ్ళాక అనుమానమొచ్చి బీరువాలోని కార్డులన్నీ తీసి చూశాను. రెండు నెలల క్రితం మా విభాగంలో చేరిన అమ్మాయి కూడా మీ వైపు నుంచే లెక్కపెడుతోంది. ఇంట్లో వ్యాయామం చేయించడం లేదని నేను గట్టిగా మందలించి పంపిన తల్లులు ముగ్గురు ఉన్నారు. ముగ్గురి పిల్లల చేతులూ ఎప్పుడో బాగైపోయాయి. వాళ్ళకి ఇవాళే క్షమాపణ ఉత్తరాలు రాయాలి. ఎలా రాయాలో చేతకాక, ముందు మీకు రాసి చూసుకున్నాను.